సింటాక్స్‌కీ (వాక్య నిర్మాణానికీ) అర్థానికీ లింకు ఎక్కడుంది? రెండర్థాల వాక్యాన్ని అడిగి చూడండి

మీ ప్రశ్న రెండు మూడుసార్లు చదివాను. నాకర్థమైంది ముందు చెప్తాను, తప్పైతే సరిదిద్దండి. భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ ఏమో వ్యాకరణం అర్థంతో పనిలేకుండా తన దారిన తాను నడుస్తుందన్నాడు, లాజిక్ పండితుడు మాంటెగ్యూ ఏమో ప్రతి వ్యాకరణ సూత్రం పక్కనా ఒక అర్థ సూత్రం ఉండి తీరాలన్నాడు, మళ్ళీ ఎల్ఎఫ్‌జీ, హెచ్‌పీఎస్‌జీ, కేటగోరియల్ గ్రామర్, కన్‌స్ట్రక్షన్ గ్రామర్ అని వ్యాకరణ సిద్ధాంతాలు ఇంకో అరడజను ఉన్నాయి, వీటిలో ఏది నిజం, అసలు ఇన్ని ఎందుకు, వాక్యంలో ఏ మాట దేనితో కలిసిందో చూపే చెట్టు బొమ్మ గీసేశాక అందులోకి అర్థం ఎటునుంచి వస్తుంది. ఇదే కదా మీరడిగింది.

నేను ఇరవై ఏళ్ళ పైనుంచీ ఈ పనిలోనే ఉన్నా, సగం పాఠాలు చెప్తూ సగం పార్సర్లు (వాక్యాన్ని విడదీసి దాని నిర్మాణం చూపే ప్రోగ్రాములు) రాస్తూ. "ఏది నిజం" అన్న ప్రశ్న కాసేపు పక్కన పెట్టండి, దాంతో ఎటూ తేలదు. నేను స్టూడెంట్స్‌కి చెప్పే చిట్కా ఒకటుంది. ఏ థియరీ చేతికొచ్చినా రెండర్థాలున్న వాక్యం ఒకటి దాని ముందు పెట్టి, ఈ తేడాని నువ్వు ఎక్కడ పెట్టావు అని అడగండి. చెట్టులోనా, మాటలోనా, కంటికి కనపడని ఇంకో లెవెల్లోనా, వాక్యం కట్టుకొచ్చిన వరసలోనా, లేకపోతే తేల్చకుండా అలా వదిలేశావా? ఆ ఒక్క జవాబుతో ఆ థియరీ గుట్టు సగం బయటపడుతుంది. మిగతా సగం నోటేషన్, అంటే గుర్తులతో రాసే పద్ధతి, అది నెల రోజులు కూర్చుంటే వచ్చేస్తుంది.

సులువైన దాంతో మొదలెడదాం. "పాత పుస్తకాల షాపు". పాతవి పుస్తకాలా, పాతది షాపా? ఇక్కడ ఎవరికీ గొడవ లేదు, "పాత పుస్తకాల" ముందు కలిస్తే ఒకటి, "పుస్తకాల షాపు" ముందు కలిస్తే ఇంకోటి. చెట్లు రెండు, అర్థాలు రెండు, అన్ని థియరీలూ ఒకే మాట మీద ఉంటాయి. స్కూల్లో పద్యానికి అన్వయం చెప్పమంటే మనం చేసింది ఇదే, ఏ మాట దేనితో ముందు అతుక్కుంటుందో చూసుకోవడం. చెట్టు అంటే అన్వయాన్ని బొమ్మ గీయడం, అంతకంటే భయపడాల్సింది ఏమీ లేదు.

ఇంకొంచెం ముందుకెళ్దాం. "నిన్న పుస్తకం ఇచ్చిన అబ్బాయి మళ్ళీ వచ్చాడు." ఎవరు ఎవరికి ఇచ్చారు? ఆ అబ్బాయే మనకిచ్చాడా, మనమే వాడికిచ్చామా? రెండూ వస్తాయి, ఎందుకంటే తెలుగులో "ఇచ్చిన" అనగానే ఆ వాక్యంలో ఖాళీ అయిన చోటు ఏదో చెప్పే విభక్తి గుర్తు ఎగిరిపోతుంది, పైగా "నేను" అనేది చెప్పకుండా వదిలేయొచ్చు. "కత్తితో పండుని కోశాను" అనే వాక్యంలో "తో", "ని" ఉన్నాయి, కానీ "నేను పండు కోసిన కత్తి" అనేసరికి ఆ "తో" ఎక్కడా లేదు, "నేను కోసిన పండు"లో "ని" కూడా లేదు. అయినా కత్తి పనిముట్టు, పండు కోయించుకున్నది అని మీకు ఒక్క క్షణం కూడా అనుమానం రాదు. ఇక్కడ ఆకారం ఇచ్చే సమాచారం సరిపోక అర్థం చెయ్యందిస్తోంది.

నేను మొదట్లో రాసిన పార్సర్‌లో ఈ ఖాళీకి ఒక మోటు రూలు పెట్టాను, కర్త కనపడకపోతే తలమాటే (పై వాక్యంలో "అబ్బాయి" లాంటిదే) కర్త అని. టెస్టులన్నీ బ్రహ్మాండంగా పాసయ్యాయి. తర్వాత ఎవరో "అప్పిచ్చిన మనిషి" అని ఇచ్చారు, మేము అప్పిచ్చిన వాళ్ళందర్నీ అది మాకు అప్పిచ్చిన వాళ్ళుగా మార్చేసింది, లోకంలో బాకీదారు అన్నవాడే లేకుండా పోయాడు. ఆ రూలు సరిచేయడానికి మొదట చెట్టు మార్చాను, కుదరలేదు, ఆఖరికి "ఇచ్చు" అనే క్రియ ఎవరెవర్ని కోరుకుంటుందో దాని డిక్షనరీ ఎంట్రీలో రాసుకుంటే తప్ప దారికి రాలేదు.

ఆ ఖాళీని ఒక్కో థియరీ ఒక్కోలా చూస్తుంది. చామ్‌స్కీ దారిలో అక్కడినుంచి ఏదో కదిలి వెళ్ళింది, వెనక జాడ మిగిలింది. 1985లో గజ్దార్, క్లైన్, పుల్లమ్, సాగ్ పుస్తకంగా తెచ్చిన జీపీఎస్‌జీలో ఏదీ కదలదు, "నాలో ఒకటి తక్కువ" అనే చీటీ కింద నుంచి పై దాకా చేతులు మారుతూ పోతుంది, హెచ్‌పీఎస్‌జీ దాన్నే తీసుకుంది. కేటగోరియల్ గ్రామర్‌లో ఒక రకమైన స్టీడ్‌మన్ సీసీజీలో జాడా లేదు చీటీ లేదు, "పుస్తకం ఇచ్చిన" అన్న ముక్కే ఇంకా ఎవరో ఒకరు కావాల్సిన ఒక ఫంక్షన్ (ఒకటి ఇస్తే ఇంకోటి తిరిగిచ్చే లెక్క), అంతే. మూడింట్లోనూ అర్థం ఒకటే వస్తుంది. కాబట్టి ఇక్కడ తేడా ఎక్కువగా లెక్కల పుస్తకం ఎలా రాయాలన్న దాని మీదే.

సరే, ఇప్పుడు మీరు అసలు ఇరుక్కున్న చోటుకి వద్దాం, సింటాక్స్ స్వతంత్రమా కాదా అన్నది. 1957లో చామ్‌స్కీ ఇచ్చిన ఉదాహరణ మీకు తెలిసే ఉంటుంది, తెలుగులో చెప్తే "రంగులేని ఆకుపచ్చ ఆలోచనలు కోపంగా నిద్రపోతున్నాయి" లాంటిది. అర్థం లేదు కానీ వాక్యం అని ఒప్పుకుంటాం, అదే మాటల్ని వెనక నుంచి ముందుకి చదివితే వాక్యమే కాదు. మన పాత కాలపు మీమాంసకులూ (వేదవాక్యాల అర్థం విచారించినవాళ్ళు) నైయాయికులూ (తర్కశాస్త్రం వాళ్ళు) ఇదే ఆటని వేరే గీతలతో ఆడారు. వాక్యానికి ఆకాంక్ష (ఒక మాట ఇంకో మాటని కోరుకోవడం), యోగ్యత (అర్థాలు ఒకదానికొకటి పొసగడం), సన్నిధి (మాటలు దగ్గర దగ్గరగా ఉండటం) కావాలన్నారు. "ఆవు గుర్రం మనిషి ఏనుగు" అంటే ఒక మాట ఇంకో మాటని కోరుకోవడం లేదు, ఆకాంక్ష లేదు. "నిప్పుతో తడుపుతున్నాడు" అంటే ఆకాంక్ష ఉంది, "తో" పనిముట్టుని చూపిస్తోంది, క్రియకి పనిముట్టు కావాలి, కానీ నిప్పుకి తడిపే యోగ్యత లేదు. చూశారా, చామ్‌స్కీ వాక్యం యోగ్యత లేని వాక్యం, దాన్ని తిరగేసి చదివితే ఆకాంక్ష లేని మాటల మూట. అయితే ఒక తేడా మర్చిపోకూడదు, వాళ్ళకి ఈ మూడూ అర్థజ్ఞానం కలగడానికి కావలసినవి, చామ్‌స్కీకి అది వ్యాకరణం అనే యంత్రం గురించిన వాదం. పోలిక చూసి పొంగిపోయి రెండూ ఒకటే అనేసే వాళ్ళు చాలామంది తగులుతారు, వాళ్ళతో జాగ్రత్త.

స్వతంత్రం అన్న వాదానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తెలుగులోనే కనపడుతుంది. "నాకు తెలుసు" అంటాం, "నేను ఎరుగుదును" అంటాం. అర్థం దాదాపు ఒకటే, కానీ ఒకదాంట్లో తెలిసిన మనిషికి "కు" తగిలింది, ఇంకోదాంట్లో ఏమీ తగల్లేదు, క్రియ వాడితో కలిసి వంగింది, అంటే దాని చివర ఆ మనిషికి తగ్గట్టు మారింది. "నాకు కావాలి", "నేను కోరుకుంటున్నాను" కూడా అంతే. అనుభవించేవాడికి ఎప్పుడూ "కు" వస్తుంది అని అర్థం మీద రూలు రాశారనుకోండి, "ఎరుగుదును" దగ్గర బోర్లా పడుతుంది. ఏ క్రియ ఏ విభక్తి అడుగుతుందో కొంత అర్థం చెప్తుంది, కొంత ఆ క్రియ మొండితనం. ఆ మొండితనం ఉన్నంత మేరా సింటాక్స్ స్వతంత్రమే.

మరి దానికి ఎదురు సాక్ష్యం? అది కూడా ఇంట్లోనే ఉంది. "రాముడు వచ్చి కూర్చున్నాడు" బాగుంది. "రాముడు వచ్చి సీత వెళ్ళింది" బాగోలేదు, అలా అనాలంటే "రాముడు వచ్చాక సీత వెళ్ళింది" అనాలి. కాబట్టి "వచ్చి", "చేసి" లాంటి వాటికి కర్త, చివరి క్రియకి కర్త ఒకరే ఉండాలి అని రూలు రాసుకుంటాం, చక్కటి సింటాక్స్ రూలు. అంతలో "వాన పడి చెరువు నిండింది" వస్తుంది. పడింది వాన, నిండింది చెరువు, ఇద్దరు కర్తలు, అయినా ఎవరి చెవికీ తప్పుగా తగలదు. ఎందుకంటే వాన పడటం చెరువు నిండటానికి కారణం. కారణం అన్నది చెట్టులో ఎక్కడ ఉంటుంది చెప్పండి? రూలు ఆకారం మీద రాశాం, మినహాయింపు అర్థం మీద వచ్చింది. కొందరు అలాంటి వాక్యాలకి వేరే చెట్టు గీసి నెట్టుకొస్తారు, ఆ చెట్టు ఎప్పుడు గీయాలి అంటే కారణం ఉన్నప్పుడు అంటారు, మళ్ళీ మొదటికొచ్చాం.

అందుకే నా మటుకు నాకు "స్వతంత్రమా కాదా" అనేది అవునూ కాదుల ప్రశ్న కాదు. ఆకారాన్నీ అర్థాన్నీ కలిపే కుట్టు ఎక్కడుంది అనేదే ప్రశ్న.

పాణిని ఆ కుట్టుని ఎక్కడ వేశాడో చూడండి, నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. దాదాపు 4000 సూత్రాల్లో ఒక భాగం కారకాల గురించి. కారకం పూర్తిగా అర్థమూ కాదు, పూర్తిగా విభక్తీ కాదు, రెండింటికీ మధ్య మెట్టు. కర్త ఎవరంటే స్వతంత్రుడు అంటాడు, అంటే ఆ పనిలో ఎవర్ని సొంతంగా నడిపించేవాడిగా మాట్లాడేవాడు చూపించదల్చుకున్నాడో వాడు. "తాళంచెవితో తలుపు తీశాడు" అంటే తాళంచెవి కరణం (పనిముట్టు), "ఈ తాళంచెవి ఆ తలుపు తీస్తుంది" అంటే అదే తాళంచెవి కర్త. లోకంలో జరిగిన పని మారలేదు, చెప్పే తీరు మారింది. ఇంకో తమాషా, క్రియ మీది ప్రత్యయం ఒక కారకాన్ని ఇప్పటికే చెప్పేస్తే నామం మీద మళ్ళీ ఆ విభక్తి రాదు. సంస్కృతంలో కర్తరిలో క్రియే కర్తని చెప్పేసింది కాబట్టి కర్తకి ప్రథమ, కర్మణిలో కర్త చెప్పబడలేదు కాబట్టి వాడికి తృతీయ. ఒకే సమాచారాన్ని రెండుసార్లు చెప్పొద్దు అన్న ఒక్క పొదుపు సూత్రంతో యాక్టివ్, పాసివ్ రెండూ తేలిపోయాయి, కదిలించడాలు లేవు. 1969లో కిపార్‌స్కీ, స్టాల్ ఈ మెట్లని అప్పటి డీప్ స్ట్రక్చర్‌తో (పైకి కనిపించే వాక్యం అడుగున ఉంటుందని చామ్‌స్కీ అన్న చెట్టుతో) పోల్చి రాశారు. తర్వాత 1990ల్లో అక్షర్ భారతి పేరుతో రాసిన బృందం, అందులో వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ ఉన్నారు, భారతీయ భాషల పార్సింగ్‌కి ఈ కారకాల్నే పునాది చేసుకున్నారు. మాటల వరస అటూ ఇటూ మారే భాషకి చెట్టు కంటే ఎవరు ఏ కారకం అన్నదే నిలకడగా ఉంటుంది, పార్సర్ రాసినవాడిగా చెప్తున్నా.

ఎల్ఎఫ్‌జీ కూడా కొంచెం ఇదే స్వభావం. బ్రెస్నన్, కాప్లాన్ 1980ల మొదట్లో కట్టిన ఈ పద్ధతిలో రెండు లెవెల్స్ పక్కపక్కన ఉంటాయి, ఒకటి కనిపించే చెట్టు, రెండోది కర్త, కర్మ లాంటి పనుల పట్టిక. "రాముడికి తన మీదే కోపం వచ్చింది" తీసుకోండి. "వచ్చింది" కోపంతో కలిసి వంగింది, రాముడితో వంగితే "వచ్చాడు" అయ్యేది. కానీ "తన" మాత్రం రాముణ్ణే పట్టుకుంది, కర్త చేసే పనులు కొన్ని "కు" తగిలించుకున్న రాముడే చేస్తున్నాడు. ఒకే చెట్టులో ఈ రెండూ ఇరికించాలంటే తలనొప్పి, రెండు లెవెల్స్ ఉంటే గొడవ సగం తగ్గుతుంది.

ఇక చరిత్రలో పెద్ద కొట్లాట. 1957లోనే చామ్‌స్కీ ఒక చిక్కు చూపించాడు, ఇంగ్లీషులో "గదిలో ప్రతివాడికీ కనీసం రెండు భాషలు వచ్చు" అనే వాక్యాన్ని పాసివ్ చేస్తే అర్థం జారిపోవచ్చు, ఎవరి రెండు భాషలు వాళ్ళవి అన్నది కాస్తా అందరికీ వచ్చిన రెండు భాషలు ఏవో ఉన్నాయి అన్నట్టు వినపడుతుంది. 1964లో కాట్జ్, పోస్టల్ మాత్రం ట్రాన్స్‌ఫర్మేషన్లు (ఒక చెట్టుని ఇంకో చెట్టుగా మార్చే సూత్రాలు) అర్థాన్ని మార్చకూడదన్నారు, 1965కల్లా చామ్‌స్కీ కూడా అర్థమంతా డీప్ స్ట్రక్చర్ నుంచే అన్నాడు. అలా అయితే ఇంకా లోతుకి తవ్వి అర్థం దగ్గరికే పోదాం అని లేకాఫ్, రాస్, మెకాలీ, పోస్టల్ బయల్దేరారు, అదే జెనరేటివ్ సెమాంటిక్స్. "చంపు" అనే మాట అడుగున "బతికి లేకుండా అయ్యేలా చేయు" అనే చెట్టు ఉంటుందని 1968లో మెకాలీ అన్నాడు.

తెలుగువాడికి ఇది విడ్డూరంగా అనిపించదు, చచ్చు, చంపు పక్కపక్కనే ఉన్నాయి, తిను, తినిపించు, చేయు, చేయించు అని వరసగా ఉన్నాయి. కానీ 1970లో ఫోడర్ చెప్పిన అడ్డు బలమైనది. శనివారం పొడిచాడు, వాడు ఆదివారం పోయాడు అనుకోండి. "శనివారం పొడిచి, ఆదివారం చచ్చిపోయేలా చేశాడు" అంటే ఎలాగో సర్దుకోవచ్చు. "శనివారం పొడిచి ఆదివారం చంపాడు" అంటే మాత్రం వినేవాడు ఆదివారం మళ్ళీ వచ్చి ఇంకో పోటు పొడిచాడా అంటాడు. "చంపు" లోపల నిజంగా "చచ్చు" అనే విడి క్రియ ఉండి ఉంటే "ఆదివారం" వెళ్ళి దాన్ని పట్టుకోవాలి, పట్టుకోవడం లేదు. అక్కడితో మెకాలీ పని అయిపోయిందా అంటే కాలేదు. "గాలికి తలుపు మూసుకుంది, అతను మళ్ళీ తెరిచాడు." అతను ఇంతకుముందు ఎప్పుడూ ఆ తలుపు ముట్టుకోకపోయినా ఈ వాక్యం చెల్లుతుంది, "మళ్ళీ" తెరవడం అనే పనిని కాదు, తలుపు తెరిచి ఉండటం అనే స్థితిని పట్టుకుంది. అంటే "తెరుచు" లోపల ఆ స్థితి ఎక్కడో విడిగా చేతికి అందుతోంది. "ఆదివారం" అనే క్రియావిశేషణానికి మాట లోపలికి దారి మూసి ఉంది, "మళ్ళీ" అనేదానికి తెరిచి ఉంది. మాట లోపల ఎంత సింటాక్స్ ఉందన్న ఈ వాదం యాభై ఏళ్ళ తర్వాత కూడా చల్లారలేదు, జట్లు మారాయంతే.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన వాక్యం. "పిల్లలందరూ రాలేదు." ఎక్కువమందికి ముందు తట్టేది కొందరే వచ్చారు అని. కానీ ఒక్కరూ రాలేదు అన్న అర్థం కూడా లాగొచ్చు, "మేమందరం ఆ సినిమా చూడలేదు" అంటే చాలాసార్లు ఎవరం చూడలేదనే. పుస్తకాల షాపు లాగా ఇక్కడ కళ్ళకి కనపడే రెండు చెట్లు లేవు. మాటలు రెండే.

దీన్ని విప్పడానికి జర్మన్ లాజిక్ పండితుడు ఫ్రెగె ఐడియా ఒకటి చాలు, వాక్యంలో కొన్ని ముక్కలు ఫంక్షన్లు, కొన్ని వాటికి మేత. "వచ్చారు" అంటే ఒక మనిషిని ఇస్తే నిజం అనో అబద్ధం అనో తిరిగిచ్చే ఫంక్షన్. "పిల్లలందరూ" ఒక మనిషి పేరు కాదు కదా, అది ఇంకో ఫంక్షన్‌నే మింగే ఫంక్షన్, నువ్వు ఏ గుణం ఇచ్చినా అది ప్రతి పిల్లకీ ఉందా అని చూసి నిజమో అబద్ధమో చెప్తుంది. "లేదు" ఉన్న నిజాన్ని తిప్పేస్తుంది. ఇక రెండు దారులు. "లేదు" ముందు "రా"తో కలిసి, ఆ రాకపోవడాన్ని "పిల్లలందరూ" మింగితే ఎవరూ రాలేదు అని వస్తుంది. "పిల్లలందరూ" ముందు రావడాన్ని మింగి, వచ్చినదాన్ని చివర్లో "లేదు" తిప్పితే అందరూ అయితే రాలేదు అని వస్తుంది. ముక్కలు అవే, కలిపిన వరస మారింది.

ఇప్పుడు ఒక్క క్షణం ఆగి "రాలేదు" వైపు చూడండి. అది ఒకే మాట. "లేదు" క్రియకి అతుక్కుపోయింది, కాబట్టి కనిపించే ఆకారాన్ని బట్టి ముందు కలవాల్సింది "రా", "లేదు". ఆ లెక్కన రావాల్సింది ఒక్కరూ రాలేదు అన్న అర్థం. కానీ చెవికి ముందు తగిలేది రెండోది! నోటి మీద ఒక వరస, బుర్రలో ఇంకో వరస. సింటాక్స్‌కీ అర్థానికీ లింకు అని మీరు అడిగారే, ఆ లింకు సాగే రబ్బరులా ఉంటుంది అనడానికి ఇంతకంటే చిన్న ఉదాహరణ నా దగ్గర లేదు.

థియరీలన్నీ ఇక్కడే విడిపోతాయి. మాంటెగ్యూ లాజిక్ మనిషి, టార్‌స్కీ శిష్యుడు, 1971లో నలభై ఏళ్ళకే పోయాడు, ఈ విషయం మీద ఆయన ముఖ్యమైన పేపర్ 1973లో వచ్చింది. ఆయన జవాబు, వాక్యం కట్టిన చరిత్రలో ఉంది తేడా. ముందు ఒక ఖాళీ సర్వనామంతో వాక్యం కట్టుకుని, తర్వాత ఎప్పుడు "ప్రతి మనిషీ" లాంటిదాన్ని ఆ ఖాళీలో దించావు అన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది, పైకి కనిపించే మాటల వరస మాత్రం అదే. చామ్‌స్కీ వర్గం ఒప్పుకోలేదు, తేడా అంటే చెట్టులోనే ఉండాలి, కనపడకపోతే కనపడని చెట్టు ఉన్నట్టే అంది. 1977లో రాబర్ట్ మే పైకి చెప్పిన తర్వాత కూడా "ప్రతి", "అందరూ" లాంటివి నిశ్శబ్దంగా పైకి జరుగుతాయని రాశాడు, ఆ చోటునే లాజికల్ ఫామ్ అంటున్నారు. తెలుగు వాక్యానికి వాళ్ళు చెప్పేది ఇంకాస్త సరదాగా ఉంటుంది, "లేదు" చెట్టులో క్రియకి పైనే ఉంది, క్రియే ఎక్కి దాన్ని అతుక్కుంది, "పిల్లలందరూ" పుట్టిన చోటు దానికంటే కింద, అక్కడే దాన్ని అర్థం చేసుకుంటే అందరూ అయితే రాలేదు అన్న అర్థం, పైకి ఎక్కాక చేసుకుంటే ఒక్కరూ రాలేదు అన్నది. కూపర్ ఏమో చెట్టు జోలికి పోకుండా "అందరూ" లాంటివాటిని ఒక సంచిలో వేసుకో, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి వాడు అన్నాడు. సంచి సింటాక్స్ కాదు, అర్థం లెక్కలోదే.

కేటగోరియల్ గ్రామర్ వాళ్ళు వీళ్ళందర్నీ చూసి నవ్వుకుంటారు. 1935లో ఐదుకేవిచ్ మొదలెట్టి, 1958లో లాంబెక్ దాన్ని ఒక లాజిక్‌గా మార్చాక, వాక్యం సరైనదే అని చూపించడం అంటే ఒక నిరూపణ రాయడం అయింది. ప్రతి నిరూపణకీ ఒక లాంబ్డా లెక్క (ఫంక్షన్లని రాసే పద్ధతి) జోడుగా వస్తుంది, ఆ లెక్కే అర్థం. ఇక లింకు ఎక్కడ అన్న ప్రశ్నే లేదు, ఒకే నాణేనికి రెండు వైపులు. అందంగా ఉంటుంది, నాకు ఇప్పటికీ అదంటే మోజే. కానీ పార్సర్ రాయడానికి కూర్చుంటే తెలుస్తుంది, అర్థం తేడా లేకుండానే ఒకే వాక్యానికి బోలెడు నిరూపణలు పుట్టుకొస్తాయి, వాటిని ఏరి పారేయడానికి వేరే పని.

హెచ్‌పీఎస్‌జీ దారి ఇంజనీర్ల దారి. పొలార్డ్, సాగ్ కట్టిన ఆ గ్రామర్‌లో ప్రతి మాటా ఒక పెద్ద ఫారం లాంటిది, ధ్వని, సింటాక్స్, అర్థం అన్ని గడులూ అందులోనే. 2005లో కోప్‌స్టేక్, ఫ్లికింగర్, పొలార్డ్, సాగ్ పూర్తి స్థాయిలో వివరించిన పద్ధతిలో "అందరూ", "లేదు"లలో ఎవరు పైన ఎవరు కింద అన్నది అసలు తేల్చరు. ముక్కలు ఇస్తారు, ఎలా పేర్చకూడదో చెప్తారు, పేర్చడం తర్వాత వాడుకునేవాడి ఇష్టం. ఇది సోమరితనం కాదు. ఒక వాక్యంలో ఇలాంటి "ప్రతి", "కొన్ని", "అన్ని" ఐదు ఉంటే పేర్చే దారులు 120 దాకా వస్తాయి. మనుషులెవరూ అవన్నీ లెక్కేసుకుంటూ చదవరు, తర్జుమా చేసే ప్రోగ్రాముకి కూడా చాలాసార్లు అవసరం ఉండదు.

ఇక ఇవన్నీ ఒక నమ్మకం మీద నిలబడ్డాయి, ముక్కల అర్థాలూ కలిపిన తీరూ తెలిస్తే మొత్తం అర్థం తెలుస్తుందని. నుడికారాల దగ్గర అది ఎంత దూరం పోతుందో చూడండి. "నీళ్ళు నమిలాడు" అంటే తడబడ్డాడు. దీన్ని తిప్పి "అతను నమిలిన నీళ్ళు" అనండి, నుడికారం చచ్చిపోయి ఎవరో నిజంగా నీళ్ళు నములుతున్నట్టు ఉంటుంది. "నిర్ణయం తీసుకున్నాడు" తిప్పండి, "అతను తీసుకున్న నిర్ణయం" శుభ్రంగా బతికింది. అంటే నుడికారాలన్నీ ఒక జాతి కాదు, కొన్నింట్లో అర్థం ముక్కలకి పంచి ఉంది, కొన్నింట్లో మొత్తానికి కలిపి ఉంది. "పుస్తకం గిస్తకం" అన్నప్పుడైతే "గిస్తకం" అనే మాటే లేదు, "అలాంటివి ఏవైనా" అన్న అర్థం ఆ అచ్చులోనే, అంటే మాటని అలా రెట్టించే మూసలోనే ఉంది. ఫిల్‌మోర్, గోల్డ్‌బర్గ్ లాంటి కన్‌స్ట్రక్షన్ గ్రామర్ వాళ్ళు అనేది ఇదే, భాషలో అచ్చులకీ సొంత అర్థం ఉంటుంది, మాటలకీ అచ్చులకీ మధ్య గోడ లేదు. నాకు ఈ వాదం చాలా వరకు నచ్చుతుంది, కానీ "పిల్లలందరూ రాలేదు" వాళ్ళ ముందు పెడితే చివరికి మాంటెగ్యూ దగ్గర అప్పు తెచ్చుకుంటారు.

ముక్కలు ముందా మొత్తం ముందా అన్నది కొత్త తగాదా కాదు. 7వ శతాబ్దం ప్రాంతంలోనే మీమాంసకుల్లో కుమారిలుడి వాళ్ళు మాట ముందు తన అర్థం తాను చెప్తుంది, తర్వాత అన్వయం అన్నారు, ప్రభాకరుడి వాళ్ళు అన్వయించుకున్న అర్థాన్నే మాట చెప్తుంది, విడి అర్థం అనేది లేదన్నారు. ప్రభాకరుల వైపు వాదం పిల్లాడి నుంచి మొదలవుతుంది. పెద్దాయన "ఆవుని తీసుకురా" అంటాడు, ఒకడు తెస్తాడు, పిల్లాడు చూస్తాడు. "ఆవుని కట్టెయ్" అంటాడు, "గుర్రాన్ని తీసుకురా" అంటాడు, ఒక మాట మారితే జరిగే పనిలో ఏం మారిందో చూసి పిల్లాడు మాటల్ని విడదీసుకుంటాడు. ఎవరూ వాడికి "ఆవు" అనే మాటని విడిగా చేతిలో పెట్టలేదు. ఫ్రెగె కూడా 1884లో మాట అర్థాన్ని వాక్యంలో పెట్టి అడగాలి, విడిగా కాదు అన్నాడు, మళ్ళీ ముక్కల నుంచి మొత్తం కట్టే పద్ధతికి కూడా ఆయన పేరే పెట్టారు. రెండు జట్లూ ఆయన్ని తమవాడే అంటాయి.

మీరు ఎక్కడ మొదలెట్టాలి అన్నారు కదా. లాజిక్ అంటే భయం లేకపోతే హైమ్, క్రాట్జర్ 1998 పాఠ్యపుస్తకం పట్టుకోండి, లాజికల్ ఫామ్ దారి అది, మొదటి ఐదారు అధ్యాయాలు చేతితో లెక్కలు వేస్తూ చదవాలి, చూసి తలూపితే రాదు. ప్రోగ్రామింగ్ నుంచి వస్తుంటే సీసీజీ ముందు చూడండి, టైపులు మీకు అలవాటే. తెలుగు డేటా మీదే పనిచేయాలంటే కారకాలతో మొదలెట్టి తర్వాత ఎల్ఎఫ్‌జీకి వెళ్ళండి. ఒక థియరీలో పూర్తిగా మునిగాక రెండోది తెరవండి, నాలుగూ ఒకేసారి తెరిస్తే నాలుగు నోటేషన్లు తప్ప ఏమీ మిగలవు, నేను చేసిన తప్పే అది, రెండేళ్ళు పోయాయి.

ఈలోపు ఒక పని చేయండి. "పిల్లలందరూ రాలేదు" బదులు "ముగ్గురు పిల్లలు రాలేదు" పెట్టండి. ఇప్పుడు ముందు వినపడేది రాని పిల్లలు ముగ్గురు ఉన్నారు అని, వచ్చింది ముగ్గురు కాదు అన్నది "ముగ్గురు" మీద ఒత్తి పలికితే తప్ప రాదు. "అందరూ" అంత సులువుగా "లేదు" కిందకి దూరిపోయింది, "ముగ్గురు" ఎందుకు మొండికేస్తోంది? పైన చెప్పిన పద్ధతుల్లో ఏవైనా రెండు తీసుకుని ఆ తేడా ఎక్కడ పెట్టాలో కాగితం మీద రాయండి, ఎక్కడ ఆగిపోయారో చెప్తే అక్కణ్ణుంచి మాట్లాడుకుందాం.